దక్షిణానికి తిప్పిన పలక

నాయనా,

సంగటి, నంజుకునేదానికి చెనిక్కాయల ఊరిబిండి ఉట్టిలో ఉండాయి. సోలార్ పలకను పొద్దున్నే మళ్ళీ దక్షిణానికి తిప్పినాను. నేను చిత్తూరు నుంచి వచ్చేదాకా మిద్దె మీదికి పోవద్దు.

దక్షిణం యముడి దిక్కని నువ్వే దాన్ని తూర్పుకు తిప్పినావంట. పక్క తోట కుప్పమ్మ చూసి చెప్పింది. దక్షిణానికి ఉంటేనే రోజంతా ఎండ పడతాదని బిగించినోళ్ళు నీ ముందరే చెప్పినారు. అన్నిటికీ తలూపి, వాళ్ళ జీపు మలుపు తిరగ్గానే నిచ్చెన ఎక్కినావు. రోజూ మనం అన్నం తినేలోపలే దీపం ఆరిపోతా ఉంటే, బ్యాటరీ మంచిది కాదని నేను వాళ్ళను తిడతా జాబు రాసినాను. నువ్వే పక్కన కూర్చుని దానికి స్టాంపు అంటించినావు. ఇప్పుడు వాళ్ళ మొహం ఎట్ల చూసేది?

ఈ దీపం నా కోసం పెట్టించలేదు. పోయిన వానల్లో చీకట్లో బావికాడ పాము మీద కాలేసింది నువ్వు. ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నది నేను. దీపం లేకుంటే యముడు తూర్పు నుంచి కూడా వస్తాడు.

వసంత

నిచ్చెన కోసం ఎతకొద్దు. కుప్పమ్మ ఇంట్లో పెట్టినాను. నువ్వు అడిగినా ఇయ్యదు.