ఒక్క చేపనే పట్టే వల

2017, మంగళవారం రాత్రి

నేను చెబుతున్నాను, ఎచ్చెర్లలో చదివే మనవరాలు గౌరి రాస్తోంది. నాకు మతిమరుపు జబ్బేమోనని పొద్దున ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీశారు. మెదడు కణంలోని ఒక ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీతో ఆ నీటిని పరీక్షిస్తారట. ఆ ప్రోటీన్ ఎక్కువుండి రంగు చిక్కగా వస్తే జబ్బున్నట్టేనట. అప్పుడు నా కొడుకు నన్ను చేపల గంప ఎత్తనివ్వడు.

“ఆ యాంటీబాడీ ఒక్క సేపనే పట్టే వల లాటిది మామ్మా, తప్పు పట్టదు,” అంది గౌరి.

“అలాటి వల ఏ సముద్రంలో ఉన్నాదే? నానెన్ని వలలు దులిపినాను! పీత పడతాది, సెత్త పడతాది. వేరేదాన్ని పట్టీసి నాకు మతి పోయిందంటే ఏటి సేత్తావు?”

రాసినదంతా చదవమన్నాను. చదివింది. వల గురించి నేనలా అన్నట్టు నాకు గుర్తే లేదు.

గౌరి కలం ఆపింది.

“అదీ రాయే,” అన్నాను. “రేపు నాకు సదివి ఇనిపించు.”