వన్స్ మోర్ లేని నాటకం

కడప

పెద్దలైన లింగన్నకు, తమ్ముడు ఈరన్న దండం పెట్టి రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? వదిన, పిల్లలు, మన ఎనుము, అంతా కులాసా అని తలుస్తాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. నిజంగానే బాగున్నాను.

ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. మన మంత్రాలయం వైపు కనీసం తుంగభద్ర గాలి అయినా తగులుతుంది. ఇక్కడ నా గది మేడ మీద, చుట్టూ బండలు కోసే షెడ్లు. పొద్దుగూకినా గోడలు కాలుతూనే ఉంటాయి. తిండికి లోటు లేదు. కింద హోటల్లో కారం దోసె తింటే కళ్ల నీళ్లు కారతాయి. అమ్మ అడిగితే తమ్ముడు కారానికే ఏడుస్తున్నాడని చెప్పు. బొరుగుల ఉగ్గాని మాత్రం అమ్మ చేసినట్టు ఇక్కడ ఎవరికీ రాదు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త వేరుశనగ బుడ్డల పొడి పంపించండి.

ఆడవేషం కట్టినవాణ్ణి ఇప్పుడు అందరూ కాంట్రాక్టరు అంటున్నారు. ముఖానికి రంగు పూసుకున్న చేత్తోనే మైకులు, బస్సులు, హాళ్లు చూసుకుంటున్నాను. ముందు నాటకం, తర్వాత పాటకచ్చేరి, ఊరూరా తిప్పాలి. పెట్టుబడి బండల వ్యాపారం చేసే ఓబుళరెడ్డిది. పేరుకు నేను కాంట్రాక్టరును, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చెప్పేది ఆయన. పొద్దున అద్దం ముందు నిలబడితే చెయ్యి తనంతట తానే బొట్టు పెట్టబోతుంది. నవ్వొస్తుంది. తర్వాత దిగులు పుడుతుంది.

పోయిన నెల ప్రొద్దుటూరు సంగతి నీకు తెలియంది కాదు. రాజు వేషంలో నువ్వు పద్యం పాడగానే జనం వన్స్ మోర్ అన్నారు. మళ్లీ పాడావు. మళ్లీ అన్నారు. మళ్లీ ఎత్తుకున్నావు. అవతల పాటలవాళ్లు వాయిద్యాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. హాలు వదలాల్సిన టైము దగ్గరపడింది. ఓబుళరెడ్డి నా వైపు చూశాడు. నేను తెర వేయించాను. తెర పడ్డాక కూడా నువ్వు రాగం పూర్తి చేసేదాకా ఆపలేదు. బయటికి వచ్చి "మైకు శానా బాగుండాదిరా" అన్నావు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

నిన్ను బస్సెక్కించేటప్పుడు అడిగాను కదా, ఇకమీద ఒక్కసారి పాడి దండం పెట్టేస్తే సరిపోదా అని. "జనం నోరు తెరిచి అడిగితే పాడకుండా ఎట్ల పోయేదిరా? వాళ్లేమన్నా బిచ్చం అడుగుతాండారా?" అన్నావు. నన్ను మొదటిసారి స్టేజీ ఎక్కించిన రోజు నువ్వు నేర్పింది కూడా ఇదే.

మర్నాడు ఓబుళరెడ్డి పిలిచాడు. "చూడప్పా ఈరన్నా, మీ అన్న పాడేదానికి నేను వంక పెట్టను. కానీ వన్స్ మోర్ అంటే ఆగడు. తొమ్మిదికంతా పాటలోళ్లు ఎక్కల్ల. శ్రీశైలం టూరుకు ఆయన వద్దు" అన్నాడు. పద్యాలు తగ్గిస్తామని బతిమాలాను. "నువ్వు తగ్గిస్తావు, ఆయన తగ్గిస్తాడా?" అన్నాడు. నువ్వు చెప్పింది తప్పని నీకు చెప్పలేను, ఒప్పని ఆయనకు చెప్పలేను.

నీ వేషానికి ఆదోని నుంచి ఒకతన్ని పెట్టారు, ఇక్కడి చిన్న ఆటల్లో అప్పుడే వేస్తున్నాడు. ఒక్కసారి పాడి వెళ్లిపోతాడు. జనం వన్స్ మోర్ అంటే వాచీ లేని మణికట్టు మీద వేలితో కొట్టి చూపిస్తాడు. రాజు టైము చూడటమేమిటన్నా? జనం నవ్వుతారు. నేను లైట్లు చూసే వంకతో పక్కకు పోతాను.

మొన్న వదిన ఫోన్లో "మీ అన్న కిరీటానికి కొత్త తళుకు అంటిస్తాండాడప్పా, శ్రీశైలం ఎప్పుడు పోయేది?" అంది. కనుక్కుని చెప్తానని పెట్టేశాను. కనుక్కోవడానికి ఏముంది? అన్నా, శ్రీశైలానికి నువ్వు లేవు. ఇంతసేపూ ఈ ఒక్క మాట నా మాటగా రాయలేకే ఎండలనీ దోసెలనీ, ఓబుళరెడ్డి అన్నాడనీ రాశాను. నేను కాదని వచ్చేస్తే మిగతా నటులంతా ఇంట్లో కూర్చోవాలి. రాకపోతే నువ్వు కూర్చోవాలి. నాకు ఏమీ చేతకావడం లేదు.

అమ్మకు నెమ్మదిగా చెప్పు. వదినకూ పెద్దలందరికీ నా దండాలు. నీ కాళ్లకు మొక్కకుండా నేను ఏనాడూ ఆట మొదలుపెట్టలేదు. ఇక్కడినుంచే మొక్కుతున్నాను, మనసు రాకపోయినా దీవించు.

ఇది చదివాక కోపమొస్తే ఉత్తరంలో తిట్టు. ఫోన్ మాత్రం చెయ్యకు. నీ గొంతు వింటే "రా అన్నా" అనేస్తాను. నువ్వు వచ్చేస్తావు.

నువ్వు రంగు పూసి పెంచిన తమ్ముడు,
ఈరన్న