బస్తాకు చెవులు

తాతా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. ఇంట్ల నీ ఫొటోకు దండేసి నేను క్లాసుకు పోయిన. గేమ్ ఆర్ట్ కోర్సుల చివరి ప్రాజెక్టు ఇయ్యాల్నే చూపెట్టాలె.

మొదట్ల నేను కంప్యూటర్ల చేసిన మిర్చి బస్తాలు యాదికున్నయా? అందరు మస్తున్నయన్నరు. ఎనుమాముల మార్కెట్ యార్డుల ముప్పై ఏండ్లు హమాలీ చేసిన నువ్వొక్కనివే, "మూలలకు చెవుల్లేవు గద బిడ్డా, ఏడ పట్టుకొని లేపాలె?" అన్నవ్. నేను నవ్విన.

ఈసారి ప్రతి బస్తా మూలలకు చెవులు పెట్టి కుట్టిన. సారు బస్తా మూలను జూమ్ చేసి చూసి, "ఇది నీకెవరు నేర్పిన్రు?" అని అడిగిండు. నీ పేరు చెప్పిన.

తర్వాత గేమ్ నడిపిన. అండ్ల హమాలీ వంగి, చెవులు పట్టుకొని బస్తా లేపిండు. అచ్చం నీ లెక్కనే, ముందుగాల ఎడమ భుజం దించి.