అలుగుడు చెట్టు

జల్‌పల్లి,
మంగళవారం

ఇశ్రాయేలు బావకు సామ్యూల్ వందనాలు. ఇక్కడ మేమంత మంచిగున్నం, నా మోకాళ్లు తప్ప.

ఫోన్ చెయ్యక ఉత్తరమెందుకంటవేమో. నీకు వినబడాలంటె నేను ఒర్రాలె, నేను ఒర్రితె గల్లి మొత్తం వింటది. సంగతేందంటె, బస్సు డిపోల మెకానిక్‌గ రిటైరైనంక చేతులు ఊకుంటలేవు. ఇంటి ముందట షట్టర్ ఏసి స్కూటర్లు రిపేర్ చేద్దామనుకున్న. గేటు పక్క చెట్టు అడ్డమున్నది. కొట్టాలంటె ఆఫీసుల దరఖాస్తు పెట్టాలె, అండ్ల చెట్టు పేరు రాయాలెనట. నాకేం ఎరుక? గల్లిల అడిగితె ఆడోళ్లందరు ఒక్కటే పేరు చెప్పిన్రు, అలుగుడు చెట్టు అని. చెప్పి మూతికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్రు. ఫోన్ల ఫొటో పెట్టి అడిగితె పూటకో పేరు చెప్తున్నది, ఒక్కదానికి గూడ నోరు తిరగది. నువ్వు ఫారెస్టోళ్ల జీపు నడిపినోనివి. అసలు పేరేందో జల్ది రాయి. రంపపోళ్లకు మాటిచ్చిన.

మీ చెల్లె కళావతికి చెప్పిన. "నీ ఇష్టం" అన్నది. ఒప్పుకున్నట్టే గద.

నీ రాత కోసం ఎదురుచూసే
సామ్యూల్

తా.క.: చెట్టు కింద నున్నటి బండ ఒకటున్నది. ఎవరేసిన్రో తెల్వది. షట్టర్‌కు మెట్టుగ పనికొస్తది.

మెదక్,
శనివారం

సామ్యూల్ బావకు ఇశ్రాయేలు దీవెనలు, మోకాళ్లకు గూడ.

అడగాల్సినోన్నే అడిగినవ్. అడవి అడవంత నా జీపు అద్దంలకెల్లి చూసిన. అలుగుడు చెట్టంటె ఇంకేముంది, ముట్టుకుంటె ముడుసుకునే జాతి. అత్తిపత్తికి పెద్దన్న. పొద్దుగాల లేవంగనే ఆకును మెల్లగ ముట్టి చూడు. ముడుసుకుంటె దరఖాస్తుల అదే రాయి. ముడుసుకోకుంటె నువ్వు మోటుగ ముట్టినవన్నట్టు.

అవునుగని, మా కళావతి "నీ ఇష్టం" అని ఊకున్నదా? ఇంకేమన్లేదా? జర పైలం బావా. చిన్నప్పుడు అది ఆ మాటన్నదంటె మా ఇంట్ల ఎవ్వలకు అన్నం సక్కగ దిగకపోయేది.

నీ మేలు కోరే
ఇశ్రాయేలు

తా.క.: జీపు నడిపినోనివి అని రాసినవ్. ఆఫీసర్ ఎనుక సీట్ల నిద్రపోతుండె. అడవిని చూసింది నేనే, యాదుంచుకో.

జల్‌పల్లి,
గురువారం

బావకు వందనాలు.

నీ మాటిని ఇజ్జత్ పోగొట్టుకున్న. స్టూలేసుకొని ఆకును ముట్టిన. ముడుసుకోలే. ఇంకింత మెల్లగ ముట్టిన. "ముడుసుకో తల్లీ" అని గూడ అన్న. పక్కింటి సుగుణమ్మ గోడ మీదికెల్లి చూసి, "బతిలాడాల్సింది చెట్టును గాదన్నా" అని పడి పడి నవ్వింది. మరి దేన్ని బతిలాడాలె? పక్కన జామ చెట్టున్నది, దాన్నా?

చెట్టు నిటారుగ పెరిగింది. బెరడు బెండు లెక్క మెత్తగుంటది. పొడుగు కాడల తెల్లపువ్వులు పొద్దుగాల రాలుతయి, వాసన మస్తుంటది. కళావతి అవి ఊడ్సదు, ఏరి కొంగుల ఏసుకుంటది. ఇంట్ల మాత్రం పరేషాన్ ఉన్నది. కూరల ఉప్పుంటలేదు. అడిగితె "నీ ఇష్టం, ఏస్కో" అంటది.

ఉప్పు కలుపుకొని తినే
సామ్యూల్

తా.క.: స్టూలు మీదికెల్లి దిగినప్పటి సంది మోకాళ్ల నొప్పి నడుముకెక్కింది.

మెదక్,
సోమవారం

బావకు దీవెనలు.

ఉప్పు సంగతి సదివినంక నాకంత సమజైంది. చెట్టు అలుగుడు ఇంట్లకు సోకింది! మా చెల్లె అమాయకురాలు, దానికేం తెలుసు? ఆలస్యం చెయ్యకు, కొట్టెయ్. పేరు కాడ "అడవి చెట్టు" అని రాయి. ఎవడొచ్చి చూస్తడు?

ఫికర్ చెయ్యకు.
ఇశ్రాయేలు

తా.క.: నీ ఉత్తరం సదివి మా ఇంటామె కూడ మూతికి కొంగు పెట్టుకున్నది. "సుగుణమ్మను కూసోబెట్టి నిదానంగ అడుగుమను" అంటున్నది. ఊకె రాసిన, పట్టించుకోకు.

జల్‌పల్లి,
ఆదివారం

బావా,

పట్టించుకున్న. సుగుణమ్మను అడిగిన. "చెట్టెందుకు అలుగుతదన్నా? మీ ఇంటామె అలుగుతది. అలిగినప్పుడల్ల ఆ బండ మీద కూసుంటది. మేమిద్దరమే ఆ బండను దొర్లిచ్చి అక్కడేసినం. అందుకే గల్లి గల్లంత ఆ పేరు పెట్టింది" అన్నది. గల్లంత ఎరికె, నాకొక్కనికే ఎరికలే. డ్యూటీకెల్లి వచ్చి చూస్తె అక్కడ కూసోని ఉండేది. గాలికి కూసున్నదనుకునేటోన్ని.

కళావతి చర్చికి పోయిన యాళ్ల నేను పోయి ఆ బండ మీద కూసున్న. అక్కడికెల్లి మా ఇంటి తలుపు సక్కగ కనబడుతది. ఇంకేం కనబడది. ఆ తలుపులకెల్లి నేను వస్తనని చూసేటందుకే ఆ జాగ బావా. నేను ఒక్కనాడు గూడ పోలే. చూసి చూసి తనే లేసొచ్చి అన్నం పెట్టేది. కోపం పోయిందనుకొని తినేటోన్ని. మస్తు బాధైంది.

రంపపోళ్లను రావద్దన్న. స్కూటర్లు ఎనుక సందుల చేసుకుంట. మాపటికి కళావతి మల్ల ఆ బండ మీదనే కూసున్నది. పోయి, "అన్నం తిందువు రా" అన్న. నన్ను కింది నుంచి మీది దాంక చూసింది. "కూరల ఉప్పేసిన" అన్నది.

నీ బావ
సామ్యూల్

తా.క.: అన్నా, నేను కళావతిని. ఈయన ఉత్తరం రాసి వారం సంది అంగి జేబుల పెట్టుకొని తిరుగుతుండు. ఉతుకుదామని తీస్తె దొరికింది, నేనే పోస్టు చేస్తున్న. ఆ చెట్టు పేరు ఆకాశమల్లె. ఇద్దరు పెద్దమనుషులు ఊరంత అడిగిన్రు, నన్నొక్క మాట అడిగిన్రా? ఇప్పుడు ఇంకో లొల్లి మోపైంది. ఈయనే దినాం అలిగి నా బండ మీద కూసుంటుండు, నేను పోయి పిలువాలెనట. నాకు జాగ లేకుంటయింది. చెట్టు ఏరుకెల్లి పిలక లేస్తె తీసి అవతలి దిక్కు నాటుకున్న. అది నీడిచ్చేదాంక నేను అలగ. ఆ సంగతి ఈయనకు చెప్పకు.