కదలని చేతిలో చప్పుడు

చిరంజీవి సుహాసినికి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. అలా రాయాలి కాబట్టి రాశాను, మిగతాది కింద చదువు. నీ ఫోన్ ఎప్పుడూ మీ అత్త చేతిలోనే ఉంటుంది. అందుకే కొత్తకోట వస్తున్న భాగ్యలక్ష్మి పిన్నితో ఈ కాగితం పంపుతున్నాను. చదివి పొయ్యిలో వేయి.

అయిదో నెల వచ్చింది కదా, వేళకు తిను. పుల్లటిది తినాలని ఉందన్నావు, మామిడి ఒరుగులు మూటగట్టి పంపాను. మీ అత్తకు కూడా పెట్టు, లేకపోతే మూతి ముడుస్తుంది.

మీ బాపు చెయ్యి నయమైందా అని అడిగావు. కాలేదు. మగ్గం తాడు పట్టుకుంటే వేళ్లు విడవడం లేదు. ఒక్కొక్క వేలూ నేనే విప్పుతున్నాను. మన మర్రిగూడ నీళ్లలోని ఫ్లోరైడే అనుకుని ఏడేళ్లు క్యాన్ నీళ్లు తాగించాను. తప్పు నీళ్లది కాదట. కండరాల క్షీణత అని పేరు చెప్పారు.

పెద్ద దవాఖానలో ఆయన చేతి కండలోకి సన్నటి సూది గుచ్చి, మిషన్‌కు తీగ కలిపారు. చెయ్యి బల్ల మీద ఊరికే పడి ఉంది. మిషన్‌లో మాత్రం ఎవరో మోటారుబండి మీద దగ్గరికొచ్చి, ఆగకుండా దూరమైపోయినట్టు మోత. కాసేపు ఏమీ లేదు. మళ్లీ వచ్చింది.

"నేను కదుపుతలేను సారూ. మరి గా సప్పుడు ఎవలు జేస్తున్నరు?" అన్నాడు బాపు.

"నీ కండనే. ఊకున్నప్పుడు సప్పుడు రావద్దు," అన్నాడు డాక్టరు. "లోపటి పోగులు సచ్చిపోతున్నయి. కొత్తయి పుడుతున్నయి గని, పోయినన్ని పుడుతలెవ్వు."

"మేమైతే తెగినకాడ అతుకేస్తం," అని బాపు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు.

అప్పటి నుంచి మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆ చేతికి చెవి ఆనిస్తున్నాను. ఏమీ వినపడదు. లోపల నడుస్తూనే ఉందని తెలుసు కదా, భయం వేస్తుంది. మొన్న నిజంగానే వీధిలో బండి పోతే, నేను గుమ్మం వైపు చూడలేదు. ఆయన చెయ్యి చూశాను.

ఇక దాచిన మాట. ఇది రక్తంలో దిగే జబ్బట. తరం మారినకొద్దీ ముదురుతుందట. తల్లికి ఉంటే కడుపులో బిడ్డకు పుట్టుకతోనే రావచ్చట. "పిల్లలెందరమ్మా?" అని డాక్టరు అడిగాడు. "లేరు సారూ," అన్నాను. బాపు నా ముఖం చూసి ఊరుకున్నాడు. మీ అత్తవాళ్లకు తెలిస్తే నిన్ను బతకనివ్వరని భయపడ్డాను బిడ్డా. ఒక్కగానొక్క కూతురిని నోటితో చంపుకున్నాను.

సోమవారం మళ్లీ వెళ్లి నిజం చెప్తాను. బాపుకు బాగాలేదని చెప్పి నువ్వూ రా. నీ చేతికీ సూది పెట్టించాలి.

పోయినసారి బస్సెక్కాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకున్నావు. బస్సు కదిలినా నీ వేళ్లు విడవలేదు, నేను పక్కనే పరుగెత్తాను. అమ్మ మీద ప్రేమ అనుకుని ఇంటికొచ్చేదాకా మురిసిపోయాను. అది ప్రేమేనని చెప్పు తల్లీ. చెప్పినా సరే, రా.

ఇట్లు,
నువ్వు లేవన్న
మీ అమ్మ