బోర్లించిన గ్లాసు

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకు పదేళ్లు. మనూరి టీ అంగట్లో మన వాడవాళ్లకని విడిగా పెట్టిన గ్లాసులో తాగి, నువ్వే కడిగి, గోడమీద బోర్లించేవాడివి. నన్నిప్పుడు ఎవరూ కడగమనరు. అయినా ఎవరింట్లో టీ తాగినా గ్లాసు కడగందే నాకు ఊపిరాడదు.

ఆ బాధ చెప్పుకుందామని ఈ రోజు పాపను వెంటబెట్టుకుని పుట్టపర్తి ఆసుపత్రికి పోయాను. అంతా విని, డాక్టరమ్మ టీ తెప్పించింది. తాగాక, "గ్లాసు ఆడే పెట్టమ్మా. ఈడ నువ్వు కడగాల్సిన పనిలేదు," అంది. గ్లాసు బల్లమీదే వదిలేశాను. మొదటిసారి, నాయనా!

లేచి చూస్తే పాప వరండాలో కుళాయి దగ్గరుంది.

"నువ్వు మర్చిపోయినావు మా. నేను కడిగేసినా."

దానికి ఏడేళ్లు. నేనేనాడూ చెప్పలేదు. ఇంక నేనేం చేసేది? నిన్ను చూడనైనా చూడని పిల్ల, ఆ గ్లాసును గోడమీద బోర్లించింది.