గోడ అవతలికి

నాన్నగారూ, నేను క్షేమం. మీరందరూ క్షేమమని తలుస్తాను.

ఈ ఉదయం నా తరగతిలో ఆఖరి బెంచీ ఖాళీగా ఉంది. నా గొంతు అక్కడిదాకా రానప్పుడల్లా ఎర్ర పెన్సిలు ఎత్తి చూపడానికి లెక్కల టీచరుగారు నెల రోజులుగా తన ఖాళీ పీరియడులో అక్కడే కూర్చునేవారు. గుండె చిక్కబట్టుకుని పాఠం ముగించి, వెళ్లి అడిగాను.

“ఇవాళ రాలేదేమండీ?”

“పక్క గదిలో నోటుబుక్కులు దిద్దుకుందామని కూర్చున్నానమ్మాయ్. దిద్దనిచ్చావా? గోడ దాటి మరీ వినిపించావు!”

గొంతు పెరగకపోతే ఇంటికి పంపేస్తానన్న హెడ్‌మిస్ట్రెస్‌గారు ఈ సాయంత్రం నా ఉద్యోగం ఖాయం చేశారు. బాబాయిని ఇక నాకు వేరే పని వెతకవద్దనండి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నా నిఘంటువు పంపండి. చెల్లికి ముద్దులు.

చేరిన రెండోవారంలోనే నేను రాజీనామా రాసి, హెడ్‌మిస్ట్రెస్‌గారికి ఇమ్మని లెక్కల టీచరుగారి చేతికిచ్చాను. ఆవిడ దాన్ని ఎవరికీ ఇవ్వలేదు.

మీ పెద్దమ్మాయి